రొయ్యలకు నేనిచ్చిన హామీ

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, రైళ్లు ఎక్కడ ఆగిపోతాయో తెలియదు. కోస్తా నుంచి రావలసిన రొయ్యలు మా మనవరాలు జ్యోతిర్మయికి రాలేదు. తినడానికి కాదు లెండి. తార్నాకలో మా ఇంటికి దగ్గరే ఉన్న యూనివర్సిటీలో అది రొయ్యల జబ్బు మీద పరిశోధన చేసేది.

దాని పని నాకు అర్థమైనంత చెబుతాను. రొయ్యకు పట్టి పొట్టు మీద తెల్ల మచ్చలు తెచ్చే వైరస్ ఉంది కదా, దాని డీఎన్ఏకు సరిగ్గా జత కుదిరే చిన్న ముక్క తయారుచేసి, దానికో గుర్తు తగిలిస్తారు. దాన్నే ప్రోబ్ అంటారు. రొయ్య కండను ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, ఆ ప్రోబ్ పోస్తారు. వైరస్ ఉంటే అతుక్కుంటుంది, రంగుమందు వేయగానే అక్కడ నీలం తేలుతుంది. లేకపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతుంది. జబ్బు రొయ్య నీలమైతే చాలదట, మంచి రొయ్య నీలం కాకూడదట. ఆ మంచి రొయ్యే దొరకలేదు.

నేను తెస్తానన్నాను. సీతాఫల్‌మండి దాకా నడిచిపోయి వెంకటనర్సయ్య దగ్గర కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే పొట్టు మీద సున్నం చిలికినట్టు తెల్ల మచ్చలు. ముప్పై ఏళ్లుగా మా గల్లీలో ఎవరు రొయ్యలు కొనాలన్నా నన్నే వెంటబెట్టుకుపోతారు. ఆ పరువు ఏం కాను? పొట్టంతా ఒలిచేశాను. కడిగి సగం డబ్బాలో పెట్టి దానికిచ్చాను, సగం పులుసు పెట్టాను. మచ్చలేమైనా ఉన్నాయా అని అది అడగనే అడిగింది.

"అద్దం లెక్క ఉండె బిడ్డా" అన్నాను.

వారం తిరిగేసరికి పిల్ల అన్నం ముట్టలేదు. నా రొయ్య నిలువెల్లా నీలమైందట. ఈ ప్రోబ్ కనబడ్డదానికల్లా అంటుకుంటోంది, పారేసి మళ్లీ మొదటి నుంచి చేయమన్నాడట దాని గైడు రంగనాథ్ సారు. రెండేళ్ల పని.

"నేనే ఏడనో తప్పు చేసిన నానమ్మా" అంది.

మర్నాడు పొద్దున్నే క్యాంపస్‌కు పోయాను. గేటు దగ్గర పోలీసులు ఆపారు. తప్పు ఒప్పుకోవడానికి వచ్చానన్నాను. ఏం కేసని అడిగాడొక కానిస్టేబుల్. రొయ్యల కేసన్నాను. వదిలేశాడు.

రంగనాథ్ సారు అనంతపురం మనిషి. పదిహేనేళ్లుగా రొయ్యలు కోస్తున్నాడు గానీ ఒక్కటీ నోట పెట్టి ఎరగడు. సంగతంతా విన్నాడు.

"ఆ పొట్టు యాడుందమ్మా?"

చెత్తబండిలో పోయిందన్నాను. మాట మీద సైన్సు నడవదన్నాడు.

"అయితే సీతాఫల్‌మండికి నడువు సారూ, అసొంటియే ఏరి సూపిస్త."

ముందు నేను, వెనక జ్యోతిర్మయి, ఆ వెనక ముక్కుకు దస్తీ కట్టుకుని సారు. ఒక్కో రొయ్యనూ వెలుతురుకెత్తి తిప్పి తిప్పి చూస్తుంటే వెంకటనర్సయ్యకు ఓపిక పోయింది.

"పెండ్లిచూపులల్ల గూడ గింతగనం సూసినవా సారూ?"

మచ్చలవి కొన్ని, మచ్చలేనివి కొన్ని తెచ్చాం. ఈసారి నన్ను చేయి పెట్టనివ్వలేదు.

నాలుగు రోజులకు పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించారు. మచ్చలది నీలం. రెండోది కడిగిన కంచంలా ఖాళీ.

"ప్రోబ్ అబద్ధం చెప్పలేదమ్మా" అన్నాడు సారు.

"నేను జెప్పిన సారూ."

పులుసు తిన్న నా కొడుకు మాత్రం, ఆ జబ్బు మనుషులకు అంటదని సారుతో మూడుసార్లు చెప్పించుకున్నాడు. జ్యోతిర్మయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి పక్కన కూర్చుంది.

"నానమ్మా, మచ్చలయి ఇంకో నాలుగు తెస్తవా?"