బండ కింద నీలిపువ్వు

మధ్యాహ్నం క్వారీలో రాళ్ళు పేల్చిన తూటాల పొగ ఇంకా విడలేదు. పొద్దుటి నుంచి మంచినీళ్ళ ట్యాంకరు జాడ లేదు. అరచేతులకు గుడ్డలు చుట్టుకుని, పగిలిన రాళ్ళ సందులో గడ్డపలుగు దూర్చి, ఒళ్ళంతా దాని మీద వాల్చి నొక్కుతోంది వదిన. క్వారీలో ఆమెకు ఆ పేరే ఖాయమైపోయింది. వయసులో ఆమెకు తండ్రిలాంటి సమ్మెట తాత కూడా నోరు తెరిచినప్పుడల్లా "వదినా" అనే పిలిచి, అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు.

నల్లరాయి కిర్రుమని కదిలి, పక్కకు దొర్లింది. దాని వెనక మనిషి పాకుతూ దూరగలిగేంత బొరియ కనిపించింది. తలగుడ్డతో చెమట తుడుచుకుని లోపలికి తొంగి చూసిన వదిన అలాగే ఉండిపోయింది. గోడల నిండా తెల్లటి పలుకులు. వాటి మీద గుత్తులు గుత్తులుగా, ఎవరో రంగు అద్దినట్టు, నీలం. లోపల ఎంత దూరం చూపు ఆనితే అంత దూరమూ నీలమే.

"తాతా, ఇలా రా!" అంది.

పనివాళ్ళు నీలిపువ్వని పిలిచే ఆ రాయి వాళ్ళకు కొత్తది కాదు. ఎప్పుడో ఒకసారి కంకరలో గోరంత ముక్క దొరికేది. రాళ్ళు కొనడానికి వచ్చే కళ్ళజోడు వ్యాపారి దాన్ని భూతద్దం కింద పెట్టి, "దీని పేరు కావన్‌సైట్. లావా చల్లారేటప్పుడు రాతిలో మిగిలిన బుడగల్లో పెరుగుతుంది. ప్రపంచం మొత్తం వెతికినా దొరికే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు" అని చెప్పాడు. దొరికిన ముక్క కాంట్రాక్టరు జేబులోకి వెళ్ళేది. దొరికినవాడికి ఒక టీ వచ్చేది.

పనివాళ్ళంతా బొరియ చుట్టూ మూగారు. తర్వాత ఒక్కొక్కరే తలెత్తి పైకి చూశారు. బొరియకు సరిగ్గా పైన, నిట్టనిలువు గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద బండ ఉంది. దాని వెనక చెయ్యి పట్టేంత చీలిక. పోయిన వానాకాలం అందులోంచి ఊడిపడ్డ చెక్కే వదిన మొగుడి కాలు మోకాలి దగ్గర నుజ్జు చేసింది. బండను దించెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నా, అది దించాలంటే వారం పని ఆగుతుందని కాంట్రాక్టరు వినలేదు.

"ఇన్నాళ్ళకి మన చేతికి ఓ పట్టు దొరికింది," అంది వదిన. "దీన్ని ఇప్పుడే కాంట్రాక్టరుకి చూపించొద్దు. ముందు బండ దించమందాం. దించాకే చోటు చెబుదాం."

"నోరు జారితే?" అన్నాడు తాత.

"ఎవరు జారతారు? ఆ బండ కింద పని చెయ్యనివాళ్ళెవరున్నారు ఇక్కడ?"

తూటాల కోసం రాతిలో బెజ్జాలు కొట్టే గాలోడు అందరికంటే ముందు తలూపాడు. గాలి మిషనుతో పని కాబట్టి ఆ పేరొచ్చింది. తాగితే తిరుగుళ్ళకు అంతుండదు కాబట్టి ఆ పేరు నిలిచింది. అతనే పెద్ద పెద్ద రాళ్ళు తెచ్చి బొరియ మూతికి అడ్డం పేర్చాడు. పైన మట్టి చల్లాక, కట్టుకున్న ఆడది చూసినా పోల్చుకోలేదని హాస్యమాడాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడికి కంచంలో అన్నం వడ్డిస్తూ వదిన సంగతంతా చెప్పింది. ఆ ఒంటిగది ఇంట్లో దాపరికాలకు చోటు ఎప్పుడూ లేదు. అతను ముద్ద కలుపుతూ, "ఎటువైపు?" అని అడిగాడు.

"నీ కాలు పోయిన చోటే, సరిగ్గా దాని కిందే," అంది.

అతను రోజూ కంటే త్వరగా చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు వదిన క్వారీలోకి దిగేసరికి బొరియ మూత తీసి ఉంది. పేర్చిన రాళ్ళు పక్కకు పడి ఉన్నాయి. కాంట్రాక్టరు, కళ్ళజోడు వ్యాపారి టార్చిలైటు పట్టుకుని లోపలికి చూస్తున్నారు. కాంట్రాక్టరు వెనక్కి తిరిగి, "దొంగ సరుకు దాచుకున్నట్టు దాచారే!" అని నవ్వాడు. ఆ నవ్వు పనివాళ్ళందరి మొహాల మీదా ఉమ్మినట్టు పడింది.

వదిన చూపు గాలోడి మీదికి పోయింది. నిన్న పని దిగాక అతను ఆఫీసు షెడ్డులోకి వెళ్ళడం ఆమె కళ్ళారా చూసింది.

"ఎంతకి అమ్మావురా మమ్మల్ని? ఓ సీసాకా?"

"నేనా? కంప్రెసర్ పైపు చిరిగిందని చెప్పడానికెళ్ళా వదినా. ఒట్టు!"

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు. నీలాంటోడి ముందు నోరిప్పడం మా బుద్ధి తక్కువ."

గాలోడు ఒక్కొక్కరి మొహం వంకా చూశాడు. తాత కాండ్రించి ఉమ్మాడు. అతను తన మిషను దగ్గరికి నడిచిపోయాడు. పది గంటలకు అందరూ టిఫిను గిన్నెలు విప్పినప్పుడు, అతను వచ్చి కూర్చున్న చోటు నుంచి అందరూ లేచి వెళ్ళారు. పోయిన వానాకాలం కాలు నుజ్జయిన రోజు వదిన మొగుడిని రాతి కింద నుంచి లాగి, ఒంటి భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తింది ఆ గాలోడే. అది వదినకు గుర్తొచ్చింది. అయినా అప్పుడు కోపానిదే పైచేయి.

ట్యాంకరు వచ్చిందని కేక వినబడి, బిందె తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. గేటు పక్కన రేకు పందిరి కింద కొత్త ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అందులో నీలం చొక్కా వేసుకుని, మెడలో ఈల తగిలించుకుని, ఊతకర్రలు గోడకు చేర్చి తన మొగుడు కూర్చుని ఉన్నాడు.

ఆమెకు మొదట సంతోషం కలిగింది. అంతలోనే ఆ చొక్కా ఎందుకొచ్చిందో తట్టింది. బిందె కింద పెట్టింది.

"సాయంత్రం ఇంటికొచ్చాక చెబుదామనుకున్నా," అన్నాడు అతను, ఆమె కళ్ళలోకి చూడకుండా. "పొద్దున నువ్వెళ్ళాక జీపు పంపించారు. వాచ్‌మన్ పని. నెల జీతం."

"ఎప్పుడు చెప్పావు ఆయనకి?"

"నువ్వు రాత్రి బయట గిన్నెలు తోముతుంటే ఫోన్ చేశా."

"గాలోణ్ణి అందరి ముందూ తిట్టాను. వాడి పక్కన కూర్చుని ఎవరూ తినలేదు."

అతను ఈలను వేళ్ళతో తిప్పుతూ ఉండిపోయాడు. తర్వాత ఒక్కసారిగా గొంతు పెంచాడు.

"ఏడాదిగా గోడ చూస్తూ కూర్చున్నా. నీ చేతి కూడు తింటున్నా. వీధిలో వదిన మొగుడంటారు గానీ నాకో పేరుందని ఎవడికైనా గుర్తుందా? నాకూ ఓ పని కావాలని ఉండదా?"

"ఉంటుంది. ఎందుకుండదు? నన్నడిగితే నీతోపాటు నేనూ వచ్చి ఆయన కాళ్ళు పట్టుకునేదాన్ని."

"నీలిపువ్వు తీసేశాక బండ దించుతానన్నారు."

"పువ్వు తీసేదాకా ఆ బండ కింద ఎవరుంటారు?"

అతను ఊతకర్రలను గోడకు మళ్ళీ సరిగా ఆనించాడు.

"ఆ రాయి దెబ్బ ఎట్లా ఉంటుందో ఇక్కడ నీకే తెలుసు. తెలిసే చెప్పావు," అంది వదిన. బిందె నింపుకోకుండానే వెనక్కి నడిచింది.

బొరియ దగ్గర కాంట్రాక్టరు ఆమె కోసమే చూస్తున్నాడు. తూటా పెడితే పువ్వంతా పొడైపోతుందట. సన్నగా ఉన్నవాళ్ళెవరైనా లోపలికి పాకి, ఉలితో నెమ్మదిగా విడదియ్యాలట.

"నువ్వయితే సరిగ్గా పడతావమ్మా. రెట్టింపు కూలి. ఇంటాయన ఎట్లాగూ మన మనిషైపోయాడు," అన్నాడు.

ఆ మాటతో పనివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వదిన అతన్ని దాటుకుని గాలోడి ముందుకు వెళ్ళి నిలబడింది.

"నీ తప్పేం లేదు. చెప్పింది మా ఆయన. నేనే ఆయనతో అన్నాను. నోరు జారింది నాదే. నిన్ను అన్న మాటలు నాకు తగలాల్సినవి."

గాలోడు ఆమె వైపు చూడలేదు. మిషను పిడికి అంటిన దుమ్మును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"పంచాయితీలు తర్వాత పెట్టుకోండి," అన్నాడు కాంట్రాక్టరు. "ఉలి తీసుకో."

వదిన పైన ఉన్న చీలిక వంక చూసింది. రేపు పొయ్యి ఎలా వెలుగుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినా, కాలు ముందుకు కదల్లేదు.

"లోపలికి దూరనండీ. ముందు బండ దించండి."

"నీ మొగుడి ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించుకున్నావా?"

"ఆయన ఉద్యోగం సంగతి ఆయన్నే అడగండి. నా ఒళ్ళు సంగతి నేను చెబుతున్నాను."

కాంట్రాక్టరు మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "సరే. ఎవరు దూరతారు? రెట్టింపు కాదు, మూడు రెట్లు!"

ఎవరూ ముందుకు రాలేదు. వదిన పక్కకు వచ్చి నిలబడినవాళ్ళూ లేరు. తాత సమ్మెట మీద ఆనుకుని నేల చూస్తున్నాడు. ఓ పడుచు కూలిమనిషి చీరకొంగు నడుముకు బిగించి, మళ్ళీ వదులు చేసింది.

అంతలో గేటు వైపు నుంచి కంకర జారుతున్న చప్పుడు వినబడింది. వదిన మొగుడు ఏటవాలు దారిలో ఊతకర్రలు ఊనుకుంటూ కిందికి వస్తున్నాడు. నీలం చొక్కా చెమటకు వీపుకు అతుక్కుంది. ఆమెను బొరియలో దూరమనడానికి వస్తున్నాడో, వద్దనడానికి వస్తున్నాడో ఎవరికీ తెలియదు. ఓ చోట కర్ర జారి తూలాడు. గాలోడి చేతిలోని గుడ్డ ఆగింది.

వదిన ఆ చప్పుడు వింది. అతను ఏం చెప్పినా తన మాట మారదన్నట్టు, వెనక్కి మాత్రం తిరగలేదు.