నవ్వితేనే కొట్టే కెమెరా

"నవ్వొద్దు," అన్నాడతను, కెమెరా కంటికి ఆనించి.

ఎదుట కూర్చున్న లారీ డ్రైవరుకు నవ్వే ఉద్దేశం ఏ కోశానా లేదు. పొద్దున్నే ఆరింటికి వచ్చి వరుసలో నిలబడ్డ మనిషి. అయినా ఆ మాట అనాలి. లైసెన్సు ఆఫీసు మెట్ల కింద, రెండు మంచాలు పట్టేంత గదిలో ముప్పై ఏళ్లుగా వచ్చినవాళ్లందరికీ అతను ఆ మాట అంటూనే ఉన్నాడు. నవ్విన ఫొటోను పైన కిటికీలో తీసుకోరు. అందుకని జనం అతని అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. ఎవరైనా వెతుక్కుంటూ వచ్చినా "నవ్వొద్దుగారు ఉన్నారా?" అనే అడుగుతారు.

మీట నొక్కాడు. టక్కుమంది. ఎప్పటిలాగే చేతులు వదిలేశాడు.

అదొక అలవాటు. ఫొటో తీయగానే వదిలేస్తే కెమెరా మెడపట్టీకి వేలాడుతూ వచ్చి రొమ్ము మీద ఆగుతుంది. ఈలోపు రెండు చేతులతో వెనక తెర సర్దుకోవచ్చు. అయితే ఆ పట్టీ నిన్న సాయంత్రం నుంచి స్టూలు కాలికి ఉంది. కాలు ఊగుతుంటే తాడు కొనడం దండగ అనుకుని, పట్టీ ఊడదీసి దాంతోనే బిగించాడు. బాగా బిగించాడు. ఏనుగు కూర్చున్నా ఆ స్టూలు ఇక కదలదు.

కెమెరా మాత్రం నేల మీద పడి మూడు ముక్కలైంది.

అతను తల వంచి చూశాడు. డ్రైవరూ వంగి చూశాడు.

"నా ఫొటో వచ్చిందా?" అన్నాడు డ్రైవరు.

చప్పుడుకి కిటికీ అమ్మ మెట్లు దిగి వచ్చింది. దరఖాస్తులు తీసుకునే గుమాస్తా ఆవిడ. ముక్కు చివర కళ్లద్దాలు, చేతిలో స్టాంపు.

"బాగుంది! పాత లైసెన్సులు మార్చుకోవడానికి ఇవాళే ఆఖరు. నాలుగున్నరకి కిటికీ మూసేస్తాను. బయట ఇరవై ముగ్గురున్నారు. ఫోన్లో తీసినవి చెల్లవు. నీ వల్ల కాదంటే చెప్పు నాయనా, ఈ గది జిరాక్సాయనకి ఇచ్చేస్తానంటున్నాడు పెద్దసారు. ఆయన ఏడాది నుంచీ కాళ్లరిగేలా తిరుగుతున్నాడు."

"అవుతుంది," అన్నాడతను.

"ఎలా అవుతుంది?"

"అవుతుంది."

అతని జేబులో ఒక కవరుంది. అది అతని భార్య పన్ను డబ్బు. కిందటి చలికాలంలో ఆమె పైపన్ను ఒకటి ఊడింది. సరిగ్గా ముందుది. ఏడాదిపాటు చొక్కాల గుండీలు కుట్టి కూడబెట్టి, సాయంత్రం పళ్ల డాక్టరుకు కట్టి రమ్మని పొద్దున్నే కవరు అతని జేబులో పెట్టి, పడిపోకుండా పిన్నీసు గుచ్చింది. ఆ పిన్నీసు తీసేటప్పుడు వేలికి గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే అనుకున్నాడు.

పాత కెమెరాలమ్మే రిపేరు మనిషి రెండు వీధుల అవతల ఉంటాడు. ఎప్పుడు చూసినా ఇకిలిస్తూ ఉంటాడు. ముక్కలు చూసి కూడా ఇకిలించాడు.

"ఇది పోయింది గురువుగారూ. ఎంతుంది మీ దగ్గర?"

అతను కవరు చూపించాడు.

"దీనికి కొత్తదాని డబ్బా కూడా రాదు. అయినా మీరు కాబట్టి." అరలోంచి ఒక వెండిరంగు కెమెరా తీశాడు. "చూడండి, నన్ను తీయండి. మీట కూడా నొక్కక్కర్లేదు, తనే చూసుకుంటుంది."

కెమెరా ఎత్తి ఇంకా సరిగ్గా పట్టుకోకముందే టక్కుమంది. బొమ్మ అద్దంలా వచ్చింది. అతను మారు మాట్లాడకుండా కవరిచ్చి వచ్చేశాడు.

గదికొచ్చి ఆ లారీ డ్రైవరునే కూర్చోబెట్టాడు. "నవ్వొద్దు," అన్నాడు. డ్రైవరు రాయిలా కూర్చున్నాడు. కెమెరా కూడా రాయిలా ఉంది. మీట నొక్కాడు. కదల్లేదు. తట్టాడు. ఊదాడు. ఎండలో పెట్టి తీసుకొచ్చాడు. ఊహూఁ. ఫోన్ చేశాడు.

"చెప్పలేదా గురువుగారూ?" అవతల ఇకిలింపు వినిపించింది. "అందులో నవ్వు కనిపెట్టే ఏర్పాటుంది. ఎదుట మనిషి నవ్వితే తనే కొడుతుంది. మీట చచ్చిపోయింది, ఆ ఏర్పాటు ఒక్కటే బతికుంది. లేకపోతే ఆ రేటుకెవరిస్తారండీ?"

అతను ఫోన్ పెట్టేశాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, ముప్పై ఏళ్లలో మొదటిసారి అడిగాడు.

"కాస్త నవ్వండి."

"ఇందాక వద్దన్నారు కదా?"

"ఇప్పుడు నవ్వండి."

ముగ్గురిని నవ్వించి తీశాడు. మూడూ పైనుంచి తిరిగొచ్చేశాయి. "పళ్లు కనపడకూడదని తెలీదా?" అని కిటికీ అమ్మ కేక మెట్ల మీంచి దొర్లుకుంటూ వచ్చింది. జిరాక్సాయన గుమ్మం దాకా వచ్చి, గది పొడవు అడుగులతో కొలుచుకుని వెళ్లాడు.

ఒంటిగంటకి భార్య అన్నం క్యారేజీతో వచ్చేసరికి, అతను పళ్లు బయటపెట్టకుండా ఎలా నవ్వాలో డ్రైవరుకు నేర్పుతున్నాడు. మూతి ముడుస్తున్నాడు, బుగ్గలు పైకి లాగుతున్నాడు, కనుబొమలు ఎగరేస్తున్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మొహంలో ఒక్క గీత కదలడం ఆమె చూడలేదు. తెర పక్కన నిలబడిపోయింది.

"ఏమయ్యా, ఏమైంది నీకు? తేలు కుట్టిందా?"

అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయింది గానీ నవ్వే ముందొచ్చేసింది. పన్ను ఊడాక అలా నోరారా నవ్వడం అదే మొదలు.

టక్కుమంది.

కంప్యూటర్లో చూశాడు. మధ్యలో డ్రైవరు, కోర్టులో సాక్షిలా బిగుసుకుని. పక్కన భార్య, పన్ను సందుతో సహా. కెమెరాకి ఎవరు నవ్వారన్నది పట్టలేదు. ఎవరో ఒకరు నవ్వారు, అంతే. అతను పక్క భాగం కత్తిరించి, డ్రైవరును మాత్రం ఉంచి ప్రింటు తీశాడు. పైకెళ్లిన ఫొటో తిరిగి రాలేదు. స్టాంపు పడ్డ చప్పుడు కిందికి వినిపించింది.

"ఇక్కడే నిలబడు," అన్నాడు భార్యతో.

"అన్నం చల్లారిపోతుంది."

"పోనీ. నిలబడు."

ఆమె ఆ వెండిరంగు కెమెరాను చూసింది. అతని జేబును చూసింది. పిన్నీసు లేదు.

"నా పన్నేనా ఇది?"

"ఊఁ."

"పట్టీ ఏది దీనికి?"

అతను స్టూలు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

"పై నెల కట్టిస్తాలే," అన్నాడు.

"కట్టిస్తావులే. ముందు గది నిలబెట్టుకో. ఎటు చూడాలి?"

ఆ మధ్యాహ్నమంతా అదే తంతు. "మీరు నవ్వొద్దు. నువ్వు నవ్వు." ఆమెకు చెప్పింది తనకే అనుకుని డ్రైవరు నవ్వేవాడు, డ్రైవరుకు చెప్పింది తనకే అనుకుని ఆమె మానేసేది. పదోవాడి దగ్గర దవడలు నొప్పి పుట్టాయంది. పదిహేనో వాడు బస్సు డ్రైవరు, ఊరికే తిరిగి చూసి "వదినగారు ఎందుకు నవ్వుతున్నారండీ, నా జుట్టు బాగోలేదా?" అన్నాడు. జుట్టన్నది అక్కడ లేదు. ఆ మాటకి ఆమె ఇంకో నలుగురికి సరిపడా నవ్వింది. నాలుగూ ఇరవైకి ఇరవైమూడో ఫొటో పైకెళ్లింది. జిరాక్సాయన తాళం తిప్పుకుంటూ వెళ్లిపోయాడు.

పై నెల పన్ను డబ్బు కూడింది. ఆమె ఒప్పుకోలేదు.

"కొత్త పన్నుతో ఇది నన్ను గుర్తుపట్టకపోతే? మళ్లీ ఎవర్ని తెచ్చి నిలబెడతావు?"

ఆ మాట సరదాకి అందో నిజంగా అందో అతను అడగలేదు. రోజూ క్యారేజీతో పాటు తానూ వచ్చేది. గుండీలు కుట్టుకుంటూ తెర పక్కన కూర్చునేది. అతను "నువ్వు" అనగానే తలెత్తి నవ్వి, మళ్లీ సూదిలోకి చూసుకునేది. అలా నాలుగేళ్లు నవ్వింది. ఐదో ఏడు వానలప్పుడు నాలుగు రోజులు జ్వరమొచ్చింది. ఐదో రోజు తెల్లవారి అతను కాఫీ కలిపి తెచ్చేసరికి ఆమె లేదు.

రెండు వారాలు గది తెరవలేదు. తెరిచిన రోజు ఒక ఆటో డ్రైవరొచ్చి కూర్చున్నాడు. "నవ్వొద్దు," అన్నాడతను. అలవాటు కొద్దీ, "నువ్వు నవ్వు," అన్నాడు. కెమెరా కదల్లేదు. డ్రైవరును కూర్చోమని చెప్పి కంప్యూటరు ముందుకెళ్లాడు. నాలుగేళ్ల ఫొటోలు, కత్తిరించక ముందువి, అన్నీ అందులోనే ఉన్నాయి. మనుషులు మారుతున్నారు. పక్కన ఆమె మారలేదు. ఒకటి ఏరాడు. ఇన్నాళ్లూ ఆమెను తీసేసి డ్రైవరును ఉంచినవాడు, ఈసారి డ్రైవరును తీసేసి ఆమెను ఉంచాడు. మనిషి మొహమంత పెద్దదిగా ప్రింటు తీసి, అట్టకి అంటించి, తెర పక్కన గోడకి ఆమె తల ఎత్తులో మేకు కొట్టి తగిలించాడు.

కెమెరా ఎత్తాడు. అది కొంచెంసేపు చూసింది. టక్కుమంది.

ఆటో డ్రైవరు ఫొటో తీసుకుని వెళ్లాడు. అట్ట గోడకి అలాగే ఉంది. కత్తిరించినా కుడి అంచున ఎవరిదో ఖాకీ భుజం వేలెడంత మిగిలిపోయింది.