ముత్లా దిబ్బ మీద రంగు గుడ్డలు

హుస్నా బడికి బయల్దేరుతూ "పోతున్నా" అంటే రత్నమణి ఊరుకునేది కాదు. కారు దాకా వెంటపడి, "పోతున్నా అనకూడదు తల్లీ, వెళ్ళొస్తా అనాలి" అని, ఆ మాట అనిపించుకున్నాకే వదిలేది. తొమ్మిదేళ్ళ ఆ కువైటీ పిల్లకి అరబ్బీ తర్వాత అబ్బిన భాష తెలుగే. అదీ అంతర్వేది పక్క తెలుగు. పొత్తిళ్ళలో ఉన్ననాటి నుంచి రత్నమణి చంకలోనే పెరిగిన పిల్ల మరింకెలా మాట్లాడుతుంది? ఒక్కోసారి వాళ్ళ నాన్న అరబ్బీలో ఏదైనా అడిగితే మరిచిపోయి "ఆయ్" అనేది. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వేవాళ్ళు.

ఆ ఆయ్ రత్నమణిదే. బాబా ఏం చెప్పినా, అంటే ఆ ఇంటి యజమాని ఏం చెప్పినా, ఆమె ముందు ఆయ్ అనేది. అర్థమైతే ఆయ్, కాకపోతే ఇంకాస్త గట్టిగా ఆయ్. పెద్దవాళ్ళు చెబుతుంటే అడ్డు ప్రశ్నలు వెయ్యడం ఆమె పుట్టిన చోట మర్యాద కాదు. తర్వాత వంటింట్లోకి వచ్చి, డ్రైవరు సంజీవరావుని అడిగి సంగతి తెలుసుకునేది. ఇన్నేళ్ళూ అలాగే నెట్టుకొచ్చింది.

ఎనభై ఒకటి చలికాలంలో బాబాకి మంచు పిచ్చి పట్టింది. ఆయన ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో కాళ్ళకి పొడవాటి చెక్కలు కట్టుకుని మంచుకొండల మీంచి జారడం నేర్చుకున్నాడట. వసంతం సెలవులకి తమ్ముడి కుటుంబంతో కలిసి ఫ్రాన్సు కొండలకి వెళ్తున్నారు. ఆ కొండ పటం తెచ్చి హాల్లో గోడకి తగిలించాడు. తెల్లటి కొండ మీద జారే దారుల గీతలు: అన్నిటికంటే తేలికదానికి పచ్చ, ఆపైన నీలం, ఎరుపు, అన్నిటికంటే కష్టమైనదానికి నలుపు. కుట్టుపెట్టెలో దారపుండలు చిక్కుపడ్డట్టు ఉన్నాయనుకుంటూ రత్నమణి రోజూ దాని దుమ్ము తుడిచేది.

పోయిన శుక్రవారం ముత్లా దగ్గర హుస్నా పరువు పోయింది. చలికాలం వస్తే కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు కదా, బాబా వాళ్ళ గుడారం ముత్లా దిబ్బల కింద వేశారు. అక్కడి ఇసుక వాలులకి పటంలోని రంగుల గుడ్డలు కట్టి, చెక్కలకి మైనం రాసి, పిల్లకి జారడం నేర్పుతున్నాడు. ఎర్ర గుడ్డ కట్టిన వాలు మీదికి ఎక్కాక హుస్నాకి కాళ్ళు కదల్లేదు. అక్కడే చతికిలబడి ఏడ్చింది. బాబా తమ్ముడు అబ్దుల్ ఖుద్దూస్ కింద నిలబడి నవ్వాడు. తన కొడుకులిద్దరూ ఎరుపు మీంచి కళ్ళు మూసుకుని దిగుతారని కూడా అన్నాడు. దాంతో బాబాకి పౌరుషం వచ్చి, వచ్చే శుక్రవారం ఎరుపు మీంచి దిగితేనే ప్రయాణం, లేకపోతే నాయనమ్మ దగ్గర ఉండిపో అని తేల్చేశాడు.

జ్వరంతో ఇంట్లోనే ఉండిపోయిన రత్నమణికి ఇవన్నీ హుస్నా వెక్కిళ్ళ మధ్య చెప్పింది. నిజం చెప్పాలంటే రత్నమణి మనసులో పిల్ల వెళ్ళకపోతేనే బాగుండునని ఉంది. మంచట, కొండలట, కాళ్ళు విరగ్గొట్టుకోవడమట. పైగా ఆ పిల్ల లేకుండా ఆ ఇంట్లో అన్ని రోజులు ఎలా గడపాలో ఆమెకి తెలియదు. కానీ పిల్ల కంటినీరు ఆమె చూడలేకపోయింది. "ఏసయ్యా, దీన్ని ఎలాగైనా పంపించు" అని ప్రార్థన చేసుకుంది.

శుక్రవారం రానే వచ్చింది. ఈసారి గుడారం దిబ్బకి రెండోవైపు వేశారు కాబట్టి గుడ్డలు మళ్ళీ కట్టాలి. బాబా కర్రలూ గుడ్డలూ రత్నమణి చేతిలో పెట్టి, రోజూ పటం తుడుస్తున్నావుగా, రంగులు తెలుసుగా, తేలిక వాలు నుంచి కష్టమైన వాలు దాకా వరసగా కట్టెయ్యమన్నాడు. రత్నమణి ఆయ్ అంది. ఆయన హుస్నానీ వెంటబెట్టుకుని, తమ్ముణ్ణి తీసుకురావడానికి సంజీవరావుతో రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. అడగడానికి మనిషి లేడు.

రత్నమణి నాలుగు వాలులూ ఎక్కి దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. ఆమెకి తెలిసిన రంగుల లెక్క నర్సాపురం రైలు స్టేషనుది. పచ్చ చూపిస్తే బండి దూసుకుపోతుంది. అంటే బాగా ఏటవాలుగా ఉన్నదానికి పచ్చ. ఎరుపంటే ఆగడం, కాబట్టి నెమ్మదైన వాలుకి ఎరుపు. నలుపు మామా, అంటే ఇంటి యజమానురాలు, ఒంటినిండా కప్పుకునే అబాయా రంగు, ఈ దేశపు ఆడవాళ్ళందరి రంగు. వాళ్ళు దిగాలంటే అన్నిటికంటే తేలికైనది కావాలి మరి, దానికి నలుపు. మిగిలినదానికి నీలం. పని ముగించి చేతులు దులుపుకుని, టీ కాచడానికి వెళ్ళింది.

కింద గుడారం దగ్గర్నుంచి సూటిగా చూస్తే ఇసుక వాలులన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. హుస్నా ఎర్ర గుడ్డ పక్కన నిలబడి, కింద ఉన్న రత్నమణి వంక చూసి "వెళ్ళొస్తా" అని కేక వేసి జారింది. మోకాళ్ళు వంచి, వంపు దగ్గర చక్కగా తిరిగి, కింద మెత్తగా ఆగింది. బాబా ఆనందం పట్టలేక పిల్లని ఎత్తుకున్నాడు. రత్నమణి కళ్ళు ఒత్తుకుంది, సంతోషమో బెంగో ఆమెకే తెలియదు.

ఇక అబ్దుల్ ఖుద్దూస్ వంతు. చిన్నపిల్ల దిగాక ఆయన ఊరుకుంటాడా? ముందు తేలికదానితో ఒళ్ళు వేడెక్కాలని, తలగుడ్డ కూడా తీయకుండా, వెనక్కి తిరిగి అన్నతో ఏదో హాస్యమాడుతూ పచ్చ గుడ్డ దగ్గర కాలు వదిలాడు. తర్వాత తలగుడ్డ ఒక పక్క, చెక్కలు ఒక పక్క, మనిషి ఒక పక్క. కిందికి వచ్చేసరికి నోటినిండా ఇసుక. మోకాలు గీరుకుపోవడం తప్ప దెబ్బలేమీ లేవు.

బాబా పైకెక్కి వాలులన్నీ చూసి వచ్చి, రత్నమణిని పిలిచాడు. "నీ పని ఖలాసేనమ్మా, ఊరికి టిక్కెట్టు కొనేస్తారు" అని సంజీవరావు గొణిగాడు. రత్నమణి రైలు సంగతీ అబాయా సంగతీ చెప్పింది, అతను వాటిని అరబ్బీలోకి మార్చాడు. మామా ముందు నవ్వింది. తర్వాత నోట్లోని ఇసుక ఉమ్మేస్తూ అబ్దుల్ ఖుద్దూస్ కూడా నవ్వాడు.

నవ్వనిది హుస్నా ఒక్కతే. తను దిగింది ఎరుపు కాదని దానికి అర్థమైంది. బాబా నవ్వు ఆపి గుడ్డలు సరిగ్గా మార్చి కట్టాడు. తర్వాత పిల్లని చూసి, అలా అయితే ఎరుపు ఇంకా మిగిలే ఉంది కదా అన్నాడు. ఆ మాటకి రత్నమణి ప్రాణం చివుక్కుమంది. పదేళ్ళలో మొదటిసారి ఆయనకి ఎదురు మాట్లాడింది. "తప్పు నాది బాబా. నన్ను పంపించెయ్యండి, పిల్లని మాత్రం ఆపకండి."

సంజీవరావు దాన్ని అరబ్బీలో చెప్పేలోపే హుస్నా దిబ్బ ఎక్కడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎర్ర గుడ్డ ఉన్నచోట ఆగి, వంగి, కింది దాకా చూసింది. పిల్ల అక్కణ్ణుంచి పక్కకి నడిచి, ఇందాక తను దిగిన వాలు దగ్గరికి వచ్చింది. దాని మీద ఇప్పుడు నీలం గుడ్డ ఉంది. అక్కణ్ణుంచి దిగి, తండ్రి ఎదురుగా నిలబడింది.

"అది నాకింకా రాదు బాబా. ఇది వచ్చు. అక్కడ నీలం ఉంటే తీసుకెళ్ళు. లేకపోతే నేను రత్నమణి దగ్గరే ఉంటా."

బాబా ఇసుకలోనే కూర్చున్నాడు. అప్పుడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లండు రోజుల్లో జారడం నేర్పినవాళ్ళు చెప్పిన మాటలు తనే మరిచిపోయానని నవ్వుతూ ఒప్పుకున్నాడు. రంగు వాలుకే గాని మనిషికి కాదట. దారి అంతా మెత్తగా ఉండి ఒక్కచోట నిటారుగా ఉన్నా, ఆ ఒక్కచోటుని బట్టే రంగు వేస్తారట. ఒక కొండ మీది నీలం ఇంకో కొండ మీది ఎరుపంత ఉండొచ్చట. రాత్రి మంచు గడ్డకడితే, తెల్లారేసరికి తేలిక దారి కూడా మొండికేస్తుందట. అందుకని ఎప్పుడూ తేలికైనదానితో మొదలుపెట్టాలి, పైనుంచి కళ్ళతో చూసుకోవాలి, కాళ్ళు అలిసిపోతే ఒక రంగు దిగిపోవాలి. "మీ చిన్నాన్న గుడ్డని చూశాడు, నువ్వు వాలుని చూశావు" అన్నాడు. "నిన్ను తీసుకెళ్ళకపోతే ఇంకెవర్ని తీసుకెళ్తాను?"

బయల్దేరే రోజున రత్నమణి పిల్ల పెట్టె తనే సర్దింది. ఉన్ని మేజోళ్ళు, చేతి తొడుగులు, దారిలో తినడానికి బెల్లం పాకం పట్టిన గవ్వలు. కారెక్కేటప్పుడు నవ్వుతూనే నిలబడింది. ఎప్పుడూ చెప్పించే మాట ఆ రోజు చెప్పించలేదు. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని భయం. కారు గేటు దాటి ఆగింది. హుస్నా తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చి, ఆమె నడుం చుట్టూ చేతులు వేసింది.

"వెళ్ళొస్తా. నీలం మీంచే వెళ్ళొస్తా."

రత్నమణి ఆయ్ అంది. ఈసారి అర్థమయ్యే అంది.