తాడు తెగిన శుక్రవారం

ఆపరేటరమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఊళ్లో సగంమంది ముఖాలు తెలియకపోయినా గొంతులు మాత్రం గుర్తుపట్టేది. ఒక్కగానొక్క కొడుకు సరుకుల ఓడలో ఇంజనీరు. ఓడెక్కితే నెలల తరబడి నీళ్ల మీదే. ఇంట్లో మిగిలేది ఆమె, కోడలు.

కోడలికి కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. అద్దాలను అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. అత్తాకోడళ్ల మధ్య కొట్లాటలేం లేవు గానీ మాటలు తక్కువ. ఎదుటివాళ్ల మనసు ఎక్కడ నొప్పిస్తామోనని ఇద్దరూ గోరంత మాటను కూడా తూచి మాట్లాడేవాళ్లు.

వాళ్లను ఒక సోఫాలోకి చేర్చింది ‘నీలి కక్ష్య’ అనే సీరియల్. దారి తప్పిన అంతరిక్ష నౌక కథ అది. ప్రతి శుక్రవారం పొద్దున కొత్త భాగం ఇంటర్నెట్‌లోకి వచ్చేది. కోడలు మొదలుపెట్టినప్పుడు, “కాళ్లు నేలమీద ఆననివాళ్ల కథ మనకెందుకమ్మాయ్?” అని అత్త మూతి విరిచింది. కొన్ని వారాలు గడిచేసరికి శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఆమే ఎదురుచూడసాగింది. నౌకలో మరమ్మతులు చేసే ఇంజనీరంటే ఆమెకు ప్రాణం. ‘పొడుగబ్బాయి’ అని పేరు పెట్టుకుంది. వాడు భోజనం చేయకుండా పనిలోకి దిగితే, “తిని చావరాదట్రా” అని టీవీని కసిరేది.

ఆ శుక్రవారం సీజను చివరి భాగం. ఎప్పటిలాగే, కోడలు షాపు నుంచి వచ్చాక కలిసి చూడాలన్నది ఒప్పందం.

మధ్యాహ్నం కోడలు ఒక ముసలాయన కళ్లజోడు బిగిస్తుండగా ఫోన్ మోగింది.

“అబ్బాయి ఫోన్ చేశాడా?” అంది అత్త.

“లేదత్తయ్యా. నడిసముద్రంలో ఉన్నారు కదా, సిగ్నల్ ఉండదు.”

“ఓడ బయట ఏదైనా పాడైతే వీడే దిగాలా? తాడు కట్టుకునే దిగుతారా?”

“ఎందుకు అడుగుతున్నారు? ఏమైంది?”

“ఏం లేదు. నీ పని చూసుకో.” ఫోన్ పెట్టేసింది.

కోడలు తిరిగి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసినా అంతే. చేతిలోని అద్దం జారి అంచు పెచ్చు లేచింది. యజమాని ఆమె ముఖం చూసి, “ఇంటికెళ్లమ్మా, ఇది నేను చూసుకుంటాను” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరకు వేసి ఉంది, తాళం లేదు. టీవీ తెర నల్లగా ఉన్నా దాని చిన్న దీపం వెలుగుతోంది. అత్త ఫోన్ సోఫాలో పడి ఉంది. అన్నం పళ్లెంలో సగం అన్నం అలాగే ఎండిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులు లేవు.

కింది వాటాలోని టైలరు మిషన్ ఆపి తల బయటపెట్టాడు. “మీ అత్తగారు ఇందాకే వెళ్లారమ్మా. కళ్లు ఎర్రగా ఉన్నాయి. హార్బరుకు ఏ బస్సు వెళ్తుందని అడిగారు. ఏమైందంటే పలకలేదు.”

హార్బరు. అక్కడే భర్త పనిచేసే ఓడల కంపెనీ ఆఫీసు ఉంది. కోడలు బస్టాపుకు పరుగెత్తింది.

బస్సులో కూర్చుందన్న మాటే గానీ ఆలోచనలు ఆగలేదు. కబురు ముందు ఇంటికి వచ్చి ఉంటుంది. తనకు చెప్పలేక అత్త ఒక్కతే పరుగెత్తి ఉంటుంది. లేకపోతే తాడు సంగతి ఎందుకు అడుగుతుంది? వెళ్లేముందు భర్త తన కళ్లజోడు మరలు బిగించుకుంటూ ఏదో అన్నాడు. ఏమన్నాడో ఎంత తవ్వినా గుర్తురాలేదు. ముందు సీటులో ఇద్దరు కుర్రాళ్లు పగలబడి నవ్వుతుంటే వాళ్ల నోరు మూయాలనిపించింది. ప్రతి స్టాపులోనూ బస్సు ఆగుతోంది. ఎక్కేవాళ్లు తీరిగ్గా ఎక్కుతున్నారు.

కంపెనీ ఆఫీసు మెట్లు పరుగున ఎక్కింది. లోపల ప్లాస్టిక్ కుర్చీలో అత్త కూర్చుని ఉంది. గుమస్తా ఆమెకు మంచినీళ్ల గ్లాసు అందిస్తున్నాడు. అంతే, కోడలు గోడ పట్టుకుంది.

“అత్తయ్యా! ఆయనకేమైంది? దాచకండి, నాకు చెప్పేయండి!”

అత్త గబుక్కున లేచింది. “వాడికేం కాలేదమ్మాయ్! బాగున్నాడు. ఇప్పుడే మాట్లాడాను, ఈయన శాటిలైట్ ఫోన్‌లో ఓడకే కలిపాడు.”

“మరి ఎవరికేమైంది?”

అత్త మింగలేక కక్కలేక చూసింది. “చెప్పకూడదు. నువ్వింకా చూడలేదు కదా.”

కోడలికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే నేలమీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

గుమస్తా ఇబ్బందిగా నవ్వాడు. “నాకూ పై ప్రాణాలు పైనే పోయాయి మేడమ్. అమ్మగారు రాగానే ‘తలుపు మూసేశారా’ అని అడిగారు. ఏ తలుపో నాకేం తెలుసు? తర్వాత తెలిసింది. నేనూ చూశాన్లెండి, ఆ తాడు...”

“నోర్ముయ్ నాయనా!” అంది అత్త.

తిరుగు బస్సులో కోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సగం దారి దాటాక తనే నోరు విప్పింది. “ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన మీకు కొడుకైతే నాకు మొగుడు. భయం మీ ఒక్కరిదేనా?”

ఇంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. 

“వాడు ఓడెక్కిన రోజు నుంచీ నాకు ఇదే భయం” అంది అత్త. “నీకు చెబితే నువ్వూ బెంగపడతావని దిగమింగుకున్నాను. ఇవాళ ఆ పొడుగబ్బాయి వల్ల పొంగిపోయింది. నీతో ఆడిన మాట కూడా తప్పాను. ఆగలేకపోయానమ్మాయ్.”

“నేనూ మీకు చెప్పలేదులెండి” అంది కోడలు. “గాలివాన వార్తలొస్తే టీవీ కట్టేసేది అందుకే.”

“నీకు వార్తలంటే చిరాకనుకున్నాను.”

“ఇంతకీ ఆయన ఏమన్నారు?”

“నవ్వాడు వెధవ. ‘నేను అడుగున ఇంజన్ గదిలో ఉంటానమ్మా, గాలే తగలదు’ అన్నాడు. ఆ అడుగున నీళ్లొస్తే ఏంట్రా అన్నాను. అప్పుడు నవ్వు ఆపాడు.”

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంటికి చేరాక ముఖం కడుక్కుని కోడలు టీవీ ముందు కూర్చుంది. అత్త పక్కనే కూర్చుంది గానీ తెర వైపు చూడలేదు, కోడలి ముఖమే చూస్తూ ఉంది. నౌక గోడకు చిల్లు పడింది. పొడుగబ్బాయి బయటికి దిగాడు. చిల్లు మూశాడు. తిరిగి వస్తుండగా తాడు తెగింది. లోపల కెప్టెన్ కళ్లు మూసుకుని తలుపు మూసే మీట నొక్కింది. తెర నల్లబడింది.

 కోడలి వేళ్లు సోఫా అంచును గట్టిగా పట్టుకున్నాయి.

“ఇలా ఎలా ఆపేస్తారు?” అంది కోడలు.

“నేనూ అదే అన్నాను, ఇంట్లో ఎవరూ లేరు వినడానికి.”

“వచ్చే సీజను ఎప్పుడంట?”

“ఏడాదికట.”

“బతికే ఉంటాడంటారా అత్తయ్యా?”

అత్త కోడలి వేళ్లను సోఫా నుంచి విడదీసి తన చేతిలోకి తీసుకుంది. “తెలియదమ్మాయ్” అంది. “మళ్లీ పెట్టు. తాడు తెగాక వాడి చెయ్యి దేన్నో పట్టుకున్నట్టు అనిపించింది. నా కళ్లు నమ్మలేను, నువ్వు చూసి చెప్పు.”

కోడలు రిమోట్ అందుకుని వెనక్కి తిప్పింది. ఇద్దరూ తెరకు దగ్గరగా జరిగి కూర్చున్నారు.