అత్తమ్మ మంచం ఎత్తు

కారు కొందామన్న మాట పుట్టిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరి గోల వారిది. మా ఆయన ఇమ్మాను స్టీలు ప్లాంటు నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా ఫోన్లో కార్ల వీడియోలు పెట్టుకుని కూర్చునేవాడు. మా అమ్మాయి జెన్నీకి పైన అద్దం తెరుచుకునే బండి కావాలి, అందులోంచి తల బయటపెట్టి నిలబడాలి. మా మావయ్య జార్జిగారికి మాత్రం షోరూములో ఉన్నవాటిల్లోకెల్లా పెద్దది కావాలి. అదే ప్లాంటు రైల్ మిల్లులో పనిచేసినన్నాళ్లూ సైకిలు మీద వెళ్తూ ఆఫీసర్ల జీపులు రేపిన దుమ్ము తిన్న మనిషి. ఇప్పుడు రిటైరై ఇక్కడే కోహ్కా పేటలో సొంత ఇల్లు కట్టుకున్నాక, కాస్త దుమ్ము తనూ రేపాలని ఆయన ముచ్చట.

ఇంతమంది ఇన్ని కోరికలు కోరుతుంటే, మా అత్తమ్మ లూసీకి ఏం కావాలో ఒక్కరూ అడగలేదు. అడిగినా ఆవిడ చెప్పే రకం కాదనుకోండి.

పోయిన క్రిస్మస్‌నాడు జరిగింది అసలు సంగతి. ఈ హిందీ ఊళ్లో, క్యాంప్ 2 పేటలో ఉన్న మా తెలుగు చర్చి గేటు ముందు మా పాత కారు ఆగింది. అదొక అగ్గిపెట్టె. అందులో కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. అత్తమ్మకి అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో సీటు పట్టుకుని లేవబోయి మళ్లీ సీట్లో కూలబడింది. రెండోసారీ అంతే. వెనక ఆటోలవాళ్లు హారన్లు మొదలెట్టారు. ఆఖరికి ఇద్దరు మగవాళ్లు వచ్చి చంకల కింద చేతులేసి బయటికి లాగారు. పమిట జారిపోయింది. పండగ బట్టలు కట్టుకుని గేటు దగ్గర నిలబడిన జనమంతా చూశారు.

ఆ తర్వాత ఆవిడ మళ్లీ చర్చికి రాలేదు. ఆదివారం వచ్చేసరికి "ఒంట్లో బాగోనేదు, మీరెల్లండి" అనేది. ఫోన్లో ఆరాధన పెట్టుకుని గదిలో కూర్చునేది. జ్వరం లేదు, దగ్గు లేదు. ఉన్నదల్లా సిగ్గు. అది నాకు తెలుసు, కానీ నాకు తెలుసని ఆవిడకి తెలిస్తే ఇంకా ముడుచుకుపోతుంది.

చర్చిలో ఆడవాళ్ల వైపు పాట ఎత్తేది ఆవిడే. ఎత్తిందంటే ఆ శ్రుతి అందుకోవడానికి తబలా అబ్బాయి సుత్తి తీసి సర్దుకోవాల్సిందే. ఆవిడ మానేశాక పాటలన్నీ నీరసంగా, కింది శ్రుతిలో ఈడ్చుకుంటూ సాగుతున్నాయి. ప్రతి ఆదివారం ఆ పాట వింటుంటే నాకు ఏడుపొచ్చేది, ఇంటికొచ్చి ఏ బండి కొనాలో వాదించుకునే తండ్రీకొడుకుల్ని చూస్తే ఒళ్లు మండేది. కొనేది ఎలాంటి బండైనా సరే, అందులోంచి మా అత్తమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాలి. నా పట్టుదల అంతే.

షోరూముకి వెళ్లే ముందురోజు ఇమ్మాను మాటవరసకి పిలిచాడు.

"అమ్మా, నువ్వూ రా. ఒకసారి కూకుని సూద్దువు గాని."

"ప్రార్థన కాని బండిలో నాను కూకోను. తెలీదేటి నీకు? మీ నాన్న పన్ను ఎలగూడిపోనాదో మర్చిపోనావేటి?"

ఆ పన్ను కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మావయ్య కొన్న మొదటి స్కూటరుకి పాస్టరుగారి చేత ప్రార్థన చేయించకుండానే సరదా పడి ఊరంతా తిప్పి, చౌక్ దగ్గర జారిపడి ముందు పన్ను ఊడగొట్టుకున్నారు. ఆ రోజు నుంచి అత్తమ్మ రెండు నియమాలు పెట్టింది. ప్రార్థన కాని బండి ఆవిడ ఎక్కదు. ప్రార్థన అయిన బండి మొట్టమొదట చర్చికే వెళ్లాలి, ఇంటి పెద్దలిద్దరూ అందులో ఉండాలి. మొదటి నియమం ఇప్పుడు ఆవిడకి మంచి సాకు దొరికినట్టయింది.

సరే, మనిషి రాకపోతే మనిషి కొలత తీసుకెళ్తాను అనుకున్నాను. అత్తమ్మ రోజూ ఇబ్బంది లేకుండా లేచేది తన మంచం మీద నుంచి. ఆ మంచం ఎత్తుగా ఉంటుంది. పాత క్వార్టరులో చోటు చాలక ఇనప ట్రంకుపెట్టెలు కిందకి తొయ్యడానికి నాలుగు కోళ్ల కిందా ఇటికెలు పెట్టారట. సొంతిల్లు వచ్చాక కూడా ఆ ఇటికెలు తియ్యనివ్వలేదు. కొలుద్దామంటే టేపు జెన్నీ ఎక్కడ పడేసిందో కనబడలేదు. చేతికి కొత్త లంగా బొందు దొరికింది. ఆవిడ స్నానానికి వెళ్లిన టైములో బొందు కొస నేలకి ఆనించి, మంచం అంచు దగ్గర ముడేసి, బ్యాగులో పెట్టుకున్నాను.

దుర్గ్ వెళ్లే రోడ్డు మీద షోరూము. సేల్స్ కుర్రాడు జితేంద్ర ఇంజన్ గురించి, స్క్రీన్ గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, నేను ప్రతి కారు తలుపూ తెరిచి, బొందు కొస కాలి బొటనవేలితో తొక్కిపట్టి, ముడి సీటుకి ఎక్కడ వస్తుందో చూస్తున్నాను. ఇమ్మాను మొహం ఎర్రబడింది.

"ఒసే, అది లంగా బొందే! నలుగురూ సూస్తన్నారు."

"సూడనీ. నీ ఫోనుకి తెలవని ఇసయం దీనికి తెలుసు."

"దీదీ, ఆప్ క్యా నాప్ రహీ హైఁ?" ఏం కొలుస్తున్నారని అడిగాడు జితేంద్ర బిక్కమొహం వేసుకుని.

"సీట్ కీ హైట్, భయ్యా" అని, అతని మైలేజీ సంగతి అతన్ని చెప్పుకోమన్నాను.

పొడుగు ముక్కు కారు సీటుకి ముడి జానెడు పైన తేలింది. అది వద్దన్నాను. తర్వాత అతను ఒక మధ్యస్తం బండి చూపించాడు. "క్రాస్‌ఓవర్ హై దీదీ. కార్ భీ, ఎస్‌యూవీ భీ" అన్నాడు. కారంత కిందకీ లేదు, జీపంత పైకీ లేదు. ముడి సీటుకి నాలుగు వేళ్లు పైన ఉంది. ఇటూ అటూ కాని బండి మనకెందుకని దాన్నీ వద్దన్నాను. చివరికి మావయ్య అప్పటికే స్టీరింగు పట్టుకుని కూర్చున్న పెద్ద బండి దగ్గరికి వెళ్లాను. ముడి సరిగ్గా సీటు అంచుకి తగిలింది.

"ఇదే" అన్నాను.

మావయ్య ఆనందం పట్టలేకపోయారు. "నా కోడలికున్న తెలివి నా కొడుక్కేదిరా!" అన్నారు. బుక్ చేసేశాం. ఇంటికొస్తూ దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

బండి ఆ శనివారం రావాలి. దానికి రెండు రోజుల ముందు, పొద్దున్నే పంపు నీళ్లొచ్చాయని చెప్పడానికి అత్తమ్మ గదిలోకి వెళ్లాను. మామూలుగా ఆవిడే నా కంటే ముందు లేచి వంటింట్లో ఉంటుంది. ఆవిడ మంచం దిగడం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మంలో నన్ను గమనించలేదు. మంచం అంచున కూర్చుని ఉంది, పాదాలు నేలకి అందడం లేదు. కాలి వేళ్లతో మంచం కింద తడిమి ఒక పీట బయటికి లాగింది. రెండు పాదాలూ దాని మీద ఆనించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, హాయిగా లేచి నిలబడింది. తర్వాత మడమతో పీటని మంచం కిందకి తోసేసింది.

అది వంటింటి పీట. కనబడటం లేదని నేను నెల రోజులుగా ఇల్లంతా వెతుకుతున్న పీట.

నేను కొలిచింది నేల నుంచి మంచానికి. ఆవిడ కాళ్లకి నేల మొదలయ్యేది పీట మీద నుంచి. బుక్ చేసిన బండి పీటంత ఎక్కువ ఎత్తు. అందులోంచి దిగాలంటే ఆవిడ పాదాలు గాల్లో వేలాడతాయి, నేల కోసం వెతుక్కుంటూ ముందుకి జారుతుంది. ఈసారి కూలబడటం కాదు, పడిపోవడమే.

ఆవిడ పెరట్లోకి వెళ్లగానే పీట తీసి బొందు పక్కన పెట్టాను. సరిగ్గా నాలుగు వేళ్లు. ఇటూ అటూ కాదని నేను తోసిపారేసిన ఆ మధ్యస్తం బండే సరైనది.

టీ తాగుతున్న ఇమ్మాను దగ్గరికి వెళ్లి, "బండి మార్చాల" అన్నాను.

"పిచ్చేటి నీకు? ఎల్లుండి వచ్చీస్తాది. కొలిసింది నువ్వే, ఒప్పుకున్నది నువ్వే."

"తప్పు కొలిసినాను. మార్చాల."

పక్కనున్న మావయ్యకి పీట సంగతి చెప్పాను. ఆయన తేలిగ్గా కొట్టిపారేశారు. "ఓస్, దానికేటి! ఆ పీటేదో డిక్కీలో ఏసుకుంటే సరిపోద్ది."

ఇక నా నోరు ఆగలేదు. "గేటు కాడ అంతమంది సూస్తండగా పీట ఎయ్యమంటారేటి మావయ్యా? అత్తమ్మకి రోగం ఏటీ నేదు. ఆవేళ ఆలెవరో సంకల కింద సేతులేసి లాగినారని సిగ్గుతో సచ్చిపోతంది. అందికే సర్చికి రాటం నేదు. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఒక్కలికి తెలిసిందేటి?"

ఇమ్మాను టీ గ్లాసు కింద పెట్టేశాడు. మావయ్యకి కోపం వచ్చిందేమో, మరీ ఎక్కువ మాట్లాడానేమో అని భయపడ్డాను.

"నాతో ఒక్క మాట సెప్పనేదు" అన్నారు మావయ్య. "ఒంట్లో బాగోనేదంటే నానూ బాగోనేదనే అనుకున్నాను."

ఆయనే ఫోన్ తీసి జితేంద్రకి చేశారు. వచ్చీరాని హిందీలో, పెద్ద బండి వద్దు, మధ్యస్తం బండి పంపు, రంగు ఏదైనా ఫరవాలేదు అన్నారు. ఇమ్మానుకి కావాల్సిన నలుపు లేదట, తెలుపే ఉందట. జెన్నీ కోరిన పై అద్దం అసలే లేదట. "వైట్ బోరింగ్ హై" అని జెన్నీ మూతి ముడుచుకుంది. మావయ్య దాన్ని దగ్గరికి తీసుకుని, "మీ మామ్మ ఎక్కుతాది, సాలు" అన్నారు. అన్నేళ్ల ముచ్చట ఒక్క ఫోన్ కాల్‌తో వదులుకున్న ఆ మనిషిని చూస్తే, అంతకుముందు నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

శనివారం సాయంత్రం బండి ఇంటికొచ్చింది. ఇంకా ప్రార్థన కాని బండి కదా, ఈసారి ఏ పన్ను ఊడుతుందోనని షోరూము నుంచి వచ్చినంత దూరమూ మావయ్య దవడ పట్టుకునే కూర్చున్నారట. డేవిడ్‌రాజ్ పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, చక్రాలకీ బ్రేకులకీ కూడా పేరుపేరునా ప్రార్థన చేశారు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఆమెన్ అంది, మెట్లు మాత్రం దిగలేదు.

ఆదివారం పొద్దున్న "ఒంట్లో బాగోనేదు" అని మొదలుపెట్టబోయింది. మావయ్య వదల్లేదు.

"ప్రార్థనైన బండి ముందు సర్చికే ఎల్లాల, ఇంటి పెద్దలిద్దరూ ఉండాల. ఈ రూలు ఎవలెట్టినారే లూసీ? నానా?"

తను పెట్టిన నియమానికి తనే దొరికిపోయింది. లోపలికి వెళ్లి తెల్ల చీర కట్టుకుని, బైబిలు సంచీ పట్టుకుని వచ్చింది. కారు తలుపు దగ్గర ఆగి సీటుని కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, మంచం మీద కూర్చున్నట్టే కూర్చుంది. ఒక కాలు లోపలికి తీసుకుంది, రెండోదీ తీసుకుంది. నాకింకా ధైర్యం రాలేదు. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. ఆవిడ ఓడిపోయింది దిగడం దగ్గర.

దారంతా ఆవిడ సంచీ తాడు వేలికి చుట్టుకుంటూనే ఉంది. మావయ్య నెమ్మదిగా పోనివ్వమని పోరు పెట్టడంతో మేం వెళ్లేసరికి ఆరాధన మొదలైపోయింది. అయినా గేటు దగ్గర జనం ఉన్నారు, కొత్త బండి కదా అని అందరూ ఇటే చూస్తున్నారు. ఇమ్మాను పరిగెత్తుకొచ్చి తలుపు తీసి చెయ్యి చాపాడు. అతని నడుం మీద గట్టిగా గిల్లాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అత్తమ్మ పక్కకి తిరిగి రెండు కాళ్లూ కిందకి దించింది. తెల్లచీర కుచ్చెళ్ల కింద పాదాలు రెండూ మడమలతో సహా నేలకి ఆనాయి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. లేచి నిలబడింది. పొద్దున్నే మంచం దిగినట్టు, అంత మామూలుగా దిగింది. పమిట కూడా సర్దుకోనక్కర్లేకపోయింది.

నేను బండికి చేరగిలబడ్డాను. ఇన్ని నెలలుగా గుండెల మీద పెట్టుకు మోస్తున్న బరువు ఒక్కసారి దిగిపోయింది. దేవుడికి ఎన్ని స్తోత్రాలు చెప్పానో లెక్క లేదు.

ఆవిడ మా మొహాలు చూసి చిరాకు పడింది. "ఏటలగ నిలబడిపోనారు? పాట ఎత్తీసినారప్పుడే. ఒలమ్మా, అదేటి శ్రుతి, ఏడుస్తన్నట్టున్నాది!" అని, మా కోసం ఆగకుండా, వెనక్కి తిరిగి చూడకుండా, గేటు దాటి వెళ్లిపోయింది. కారు తలుపు వెయ్యడం కూడా మర్చిపోయింది.

ఆ తలుపు నేనే వేశాను. మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. లోపల ఈడ్చుకుంటూ సాగుతున్న పాట మధ్యలో ఆగిపోయింది. తబలా మీద సుత్తి దెబ్బలు టకటకా వినిపించాయి. మళ్లీ పల్లవి నుంచి, ఆవిడ ఎత్తే శ్రుతిలో పాట మొదలైంది. నేను చెప్పులు ఎక్కడ విప్పానో కూడా చూసుకోకుండా లోపలికి పరిగెత్తాను.