చెయ్యి పెట్టని మనిషి

గండయ్య నాలుగో కుంచెను కిరసనాయిలు డబ్బాలో ముంచి, డబ్బా అంచుకు రెండు దెబ్బలు కొట్టి, పాత బనీను ముక్కతో మొన దాకా తుడిచాడు. వెంట్రుక వెంట్రుకా కలిసి సన్నగా నిలబడ్డాక గానీ ఐదోది చేతికి తీసుకోలేదు. అలియాబాద్ నుంచి సైకిలు మీద వచ్చి షెడ్డు తాళం తీసినప్పటి నుంచీ ఇదే పని. శ్రీరామనవమికి దేవరయాంజాల్ గుడి ప్రహరీ మీద శ్లోకాలు రాయడానికి ఇరవై రోజులు పోయాడు. తిరిగొచ్చేసరికి కుంచెలన్నీ వానలో తడిసిన కోడిపిల్లల్లా ఉన్నాయి. వాడుకున్నవాళ్లకు కడిగి పెట్టాలన్న ఇంగితం లేకపోయింది.

"సదువుకున్నోళ్ల చేతులు," అని గొణుక్కున్నాడు.

ఆ షెడ్డులో ఒకప్పుడు నాలుగు వేల కోళ్లుండేవి. పక్కన కాలనీ లేచాక వాసన భరించలేమని జనం గొడవచేసి కోళ్లను ఎత్తేయించారు. రిటైరైన ఇంజనీరు పట్టాభిరామయ్య షెడ్డుకు సున్నం వేయించి 'అందరి చిత్రశాల' అని పేరు పెట్టాడు. బొమ్మలు గీయాలనుకున్న ఎవరైనా రావచ్చు, వచ్చినవాళ్లు ఒకరికొకరు నేర్పుకోవచ్చు. ఆ పేరును గేటు మీద పసుపు ఎనామిల్‌తో రాసింది గండయ్యే. మూడు ఎండాకాలాలు తిన్నా ఒక్క అక్షరం పెచ్చులూడలేదు. నిన్న దాని మీద అడ్డంగా ఫ్లెక్సీ కట్టేశారు. రేపు ఆదివారం ప్రదర్శన. ఫ్లెక్సీ నిండా కొత్తగా వచ్చిన డిగ్రీ ఆర్టిస్టు హేమచంద్ ఫోటో. అడుగున చీమ తలంత అక్షరాల్లో, 'సహాయకుడు: గండయ్య'.

పొద్దున గేటు దగ్గర సైకిలు దిగి అది రెండుసార్లు చదివాడు. ముప్పై ఏళ్లుగా మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా మందుల కొట్లకూ, టైర్ల కొట్లకూ, లారీల వెనకాలకూ రాసిన మనిషి. సగం కొట్లు ఇప్పటికే ఫ్లెక్సీకి తిరిగాయి. తిండి పోతే పోయింది, దానికి తోడు ఇదొకటి. ఎండిన మనిషి, ఎడమ భుజం కాస్త పైకి లేచి ఉంటుంది. కర్ర పట్టీ పట్టీ అలా అయింది.

అది చెయ్యి ఆనించుకునే కర్ర. బోర్డు రాసేవాళ్లందరి దగ్గరా ఉంటుంది. రెండు మూరల వెదురు, కొనకు గట్టిగా దారం చుట్టిన గుడ్డ ఉండ. ఎడమచేత్తో కర్ర పట్టుకుని, గుడ్డ కొనను బోర్డు అంచుకు ఆనించి, కుడి మణికట్టు దాని మీద పెట్టి రాయాలి. చెయ్యి వణకదు, పచ్చి రంగుకు తగలదు.

తొమ్మిదింటికి జానకీదేవి వచ్చింది. కాలనీ మొదటి వీధిలో ఇల్లు, భీమవరం మనిషి, భర్త బ్యాంకులో. ఆర్నెల్లుగా కృష్ణుణ్ని వేస్తోంది. కూర్చోగానే కుంచె జారి కృష్ణుడి బుగ్గ మీద పచ్చరంగు బొట్టు పడింది.

"అయ్యో మాస్టారూ! రేపే కదండీ! కాస్త మీరు సరిచేసి పెట్టరూ?"

గండయ్య చెయ్యి వెనక్కి కట్టుకున్నాడు. "బుగ్గ ఎన్నడు వేసిన్రమ్మా?"

"పోయిన వారమండీ."

"ఎనామిల్ గద, రాయి లెక్క ఆరింది. కిరసనాయిల్ల గుడ్డ ముంచి మీ చేత్తోనే తుడువుండ్రి. పైదే పోతది, కిందిది కదలదు."

ఆమె భయంభయంగా తుడిచింది. బొట్టు పోయింది, బుగ్గ మిగిలింది. "నెమిలీక ఇంక వేసేదున్నది గద, గుడ్డ మీకాన్నే ఉంచుకోండ్రి," అన్నాడు గండయ్య. ఆమె నవ్వి బనీను ముక్క ఒడిలో పెట్టుకుంది.

గండయ్యకు ఉన్నది ఒకే ఒక పట్టుదల. నేర్చుకునేవాళ్ల బొమ్మ మీద తన కుంచె పడదు. ఏదైనా చూపాలంటే పక్కన రేకుముక్క మీద చూపిస్తాడు. దీనికి కాలనీవాళ్లు నవ్వుకుంటారు, ముట్టుకుంటే మైలపడతాడేమో అంటారు. ఏడో తరగతిలోనే బడి మానేసిన గండయ్య పదిహేడేళ్లప్పుడు మేడ్చల్‌లో సినిమా బ్యానర్లు రాసే ఉస్తాద్ దగ్గర రంగులు కలిపేవాడు. అట్టముక్క మీద చచ్చిపోయిన తల్లి ముఖం దిద్దుకుంటూ ఆరు నెలలు గడిపాడు. ముక్కు కుదరలేదు. ఒకరోజు ఉస్తాద్ వచ్చి, "హట్, నేను జేస్త," అని కుంచె లాక్కుని రెండు నిమిషాల్లో ముక్కు దిద్దాడు. ముక్కు బ్రహ్మాండంగా కుదిరింది. ఆ ముఖంలోంచి అమ్మ పోయింది. ఆ తరువాత గండయ్య ముఖాల జోలికి పోలేదు. అక్షరాలకు అమ్మా నాయినా ఉండరు.

బొమ్మల కింద పెట్టే పేర్ల అట్టలు రాయడానికి కూర్చున్నాడు. అన్నిటికంటే ముందు 'దుర్గాబాయి' రాశాడు. ఎర్రటి అక్షరాలు, నల్లటి నీడ. కొట్టు బోర్డుకు పెట్టేంత శ్రద్ధ ఆ అరచేతి అట్టకు పెట్టాడు.

దుర్గాబాయి తండా మనిషి. కాలనీలో ఐదిళ్లలో అంట్లు తోమి, చివరికి షెడ్డు ఊడ్చడానికి వచ్చేది. ఒకరోజు చీపురు పక్కన పెట్టి సుద్దముక్కతో నేల మీద ఎద్దును గీస్తుంటే గండయ్య చూశాడు. ప్లైవుడ్డు ముక్కకు తెల్లపూత పూసి ఇచ్చాడు. ఏడాది పట్టింది. ఇప్పుడు ఆమె వేస్తున్నది నీళ్ల ట్యాంకరు. చుట్టూ తండా ఆడవాళ్లు. ముఖాలు వేలి గోరంత, చేతులు మాత్రం చాటలంత. గండయ్య గుడి పనికి పోయేనాటికి చేతులు సుద్దగీతల్లోనే ఉన్నాయి.

"గిది మా అత్త చెయ్యి, అన్నా. కంకర క్రషర్ల రెండు వేళ్లు వోయినయ్," అని చూపించింది అప్పుడు. "గిది రూప్లిది, గాజులు ఊడదీసిన చెయ్యి. ఆదివారం తండా మొత్తం వస్తది. ఎవలి చెయ్యి వాళ్లు జూసుకుంటరు."

అట్ట ఆరబెట్టి, గోడ దగ్గరున్న ఆమె బోర్డు మీది గోనెసంచి ఎత్తాడు గండయ్య.

అత్త చేతికి ఐదు వేళ్లున్నాయి.

అన్ని చేతులూ గులాబీ రంగులో, సన్నగా, సబ్బు ప్రకటనలో ఆడదాని చేతుల్లా ఉన్నాయి. రూప్లి మణికట్టుకు ఎర్రగాజులు. ఆ నాజూకు చేతుల అంచుల్లోంచి కింద ఉన్న ముదురు రంగు మందంగా పొడుచుకొస్తోంది. గోరుతో తాకితే పచ్చి.

"ఎవలు జేసిన్రు గిది?" అని అరిచాడు.

"నిన్న సాయంత్రం హేమచంద్ గారు కూర్చుని సరిచేశారండీ," అంది జానకీదేవి. "అంతకుముందు మరీ మొరటుగా ఉండేవి."

పక్క గదిలో బొమ్మలకు చట్రాలు చూస్తున్న పట్టాభిరామయ్య అరుపు విని బయటికి వచ్చాడు.

"అంత ఆవేశమెందుకు గండయ్యా? పెద్దవాళ్లొస్తున్నారు రేపు. కుర్రాడు చదువుకున్నవాడు, నాలుగు మెరుగులు దిద్దాడు. ఆవిడ పేరే ఉంటుందిగా కింద."

"పేరామెది, చేతులు ఆయినయి. మంచిగున్నది సారూ. రేపు మీ పేరు గింద నా సంతకం వెడ్త, ఊకుంటరా?"

"మాటలు జాగ్రత్త!"

"మూడేండ్ల సంది జాగ్రత్తగనే ఉన్న. ఆమె అడిగిందా సరిజేయుమని? ఒక్కసారన్న అడిగిందా?"

గండయ్య బోర్డు వైపు తిరిగాడు. ఎనామిల్, పచ్చిది పైనే ఉంది, కిందిది రాయిలా ఉంటుంది, దుర్గాబాయి వచ్చేలోపు తుడిచేస్తే సరి. బనీను ముక్క కోసం చూశాడు, అది జానకీదేవి ఒడిలో ఉంది. అడిగే ఓపిక లేదు. కర్ర కొనకున్న గుడ్డ ఉండను దారంతో సహా పీకేశాడు. కిరసనాయిల్లో ముంచాడు. కర్రను గోడకు పడేసి, ఉత్త చేతిని బోర్డు మీద మోపి రుద్దాడు.

గులాబీ రంగు వెన్నలా వచ్చేసింది. ఇంకో రుద్దు. ఇంకోటి. మనసు కాస్త చల్లబడింది. అప్పుడు గుడ్డ మీద మట్టిరంగు కనబడింది. తరువాత నలుపు. తరువాత బోర్డు తెల్లపూత.

"ఏం చేస్తున్నారండీ!" గుమ్మంలో హేమచంద్. "అది ఎనామిల్ కాదు! చేతులన్నీ నూనెతో కలిపిన ట్యూబు రంగులు, నేనే ఇచ్చాను ఆవిడకి. మందంగా పూసింది. నెలైనా ఆరదది!"

గండయ్య చెయ్యి ఆగింది. అప్పటికే మూడు చేతులు లేవు. అత్తది, రూప్లిది, ట్యాంకరు గొట్టం పట్టుకున్న చెయ్యి, అది దుర్గాబాయిదే. వాటి స్థానంలో గోధుమరంగు మరక, దాని మధ్య తన అరచేతి ముద్ర.

మధ్యాహ్నం పన్నెండున్నరకు దుర్గాబాయి వచ్చింది. కొంగుకు సబ్బు తడి ఇంకా ఉంది. షెడ్డులో అందరి చూపూ గోడవైపే ఉండటం గమనించి నేరుగా బోర్డు దగ్గరకు పోయింది.

"నిన్న ఆయిన పూసినప్పుడు ఊకున్న అన్నా," అంది మెల్లగా. "మా అన్న వస్తడు, అడుగుతడు అనుకున్న."

"చెల్లె, ఎనామిల్ అనుకున్ననే... ట్యూబులని నాకు ఎర్కలేదు... జర ఆగు, నేను సరి..."

'సరిజేస్త' అనబోయాడు. ఉస్తాద్ నోట్లోంచి ఊడిపడ్డట్టున్న మాట.

"నువ్వు గూడ చెయ్యి వెట్టినవ్," అంది దుర్గాబాయి. తిట్టినట్టు లేదు. ఇంటి గోడ కూలిందని పక్కింటివాళ్లకు చెప్పినట్టుంది. బోర్డును గోడవైపు తిప్పి, చీపురు తీసుకుని ఆ మూల నుంచి ఊడవడం మొదలుపెట్టింది.

గండయ్య కుంచెలు డబ్బాలో సర్దుకున్నాడు. గుడ్డను జేబులో కుక్కుకున్నాడు. పట్టాభిరామయ్య మీదా హేమచంద్ మీదా కోపం పోలేదు, కానీ దాన్ని చూపించే హక్కు పోయింది. అదే ఎక్కువ మండింది. గేటు దగ్గర ఫ్లెక్సీ కింద తల వంచి సైకిలు బయటికి తోసుకుని, కరీంనగర్ రోడ్డెక్కాడు.

ఆదివారం తండా ఆడవాళ్లు పదకొండు మంది వచ్చారు. చెప్పులు బయట విడిచి, గోడలన్నీ వెతికి, వెళ్లిపోయారు. దుర్గాబాయి బొమ్మకని కొట్టిన మేకుకు హేమచంద్ వేసిన సూర్యాస్తమయం తగిలించి ఉంది. ఎర్ర అక్షరాల అట్టను ఎవరో తీసి బల్ల కాలు కింద ఎత్తుకు పెట్టారు.

గండయ్య మళ్లీ ఆ గడప తొక్కలేదు. సిద్దిపేటలో తమ్ముడి దగ్గరకు పోయాడని అలియాబాద్‌లో అన్నారు.

సోమవారం దుర్గాబాయి ఊడ్చుకుంటూ వచ్చి బల్ల కింది అట్ట లాగి కొంగుతో తుడిచి రొంటిన దోపుకుంది. బోర్డు ఇటు తిప్పింది. అరచేతి ముద్ర మీదుగానే సుద్దతో అత్త చెయ్యి గీసింది, మూడు వేళ్లతో, ఈసారి ఇంకా పెద్దగా. కర్ర పడిన చోటే గోడవారగా ఉంది. ముప్పై ఏళ్లు గుడ్డ కింద దాగిన దాని కొన, ఎండ ఎరగని చర్మంలా తెల్లగా బయటపడి ఉంది.