బోణీ బుట్ట

మా నాన్న అట్టబొమ్మను పలకరిస్తుంటే అందరితోపాటు నేనూ నవ్వాను.

కొత్త స్టోర్ తలుపులు తెరవడానికి ఇంకా కాస్త సమయం ఉంది. సబ్బు చేతిలో పట్టుకుని నిలబడ్డ నిలువెత్తు అట్ట అమ్మాయి ముందు ఆయన ఆగి, "ఏమ్మా, కొత్తగా చేరావా? అన్నం తిని వచ్చావా?" అన్నారు. సేల్స్ అమ్మాయిలు పడీపడీ నవ్వారు. పెద్దాయన భలే సరదా మనిషనుకున్నారు. సరదాకి అడిగినవాళ్ళు జవాబు కోసం అంతసేపు ఆగరు. ఆయన తల కొంచెం వంచి, వినడానికి సిద్ధంగా నిలబడే ఉన్నారు. నేను నవ్వడం ఆపేశాను.

చెయ్యి పట్టుకుని సరుకు దించే గదిలోకి లాక్కుపోయి తలుపు వేశాను.

"నాన్నా, నా చేతిలో ఏముందో చెప్పండి."

"నోట్లో ఉన్నంత పొగరు చేతిలో ఉండదులే."

"నాన్నా!"

ఆయన అట్టపెట్టెలు తడుముకుని వాటి మీద కూర్చున్నారు. "వెలుగు తెలుస్తుంది. మనుషులు మసకమసకగా తెలుస్తారు. మొహాలు తెలీవు. ఇక ఇంతేనన్నాడు డాక్టరు. మీ అమ్మకి తెలుసు. డ్రైవరుకి తెలుసు."

"నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట."

"నీకు చెబితే జాలిపడి ఈ స్టోర్ ఆపేసేదానివి. వాదించి గెలుద్దామనుకున్నాను. గెలవలేదు, అది వేరే సంగతి."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపానికే దారిచ్చాను. అది నాకు బాగా అలవాటైన దారి.

ఈ స్టోర్ గురించి తండ్రీకూతుళ్ళం కొట్టుకోని రోజు లేదు. నాన్న మొదట పెట్టింది ఇరుకు గదిలో కొట్టు. బల్లకి ఇవతల జనం, అవతల నాన్న, నిచ్చెన మీద బాబాయి. ఎవరేమడిగినా నాన్న వెనక్కి తిరగకుండానే "పై అర, కిటికీ పక్క డబ్బా" అనేవారట. బాబాయి చెయ్యి పెడితే అదే ఉండేదట. తర్వాత ఒకనాడు ఆ బల్ల తీసి వీధిలో పారేసి, జనాన్నే లోపలికొచ్చి తీసుకోమన్నారు. దొంగలకి పిలిచి పీట వేస్తున్నాడని చుట్టాలు ఎగతాళి చేశారు. ఆ చుట్టాలే మర్నాటి నుంచి బుట్టలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళకి పాకాం. బస్టాపుల దగ్గర గూడంత దుకాణాలు, కాలనీల్లో మధ్యరకం దుకాణాలు. చిన్నదైనా పెద్దదైనా అన్నిట్లో ఒకే వరస. అడుగు పెట్టగానే కుడిచేతికి ఉప్పు, ఆ పక్కన పంచదార, తర్వాత బియ్యం, పప్పులు, అన్నిటికంటే చివర సబ్బులు. సబ్బు వాసన తిండికి అంటకూడదు. "కళ్ళు మూసుకుని వచ్చినవాడికి కూడా ఉప్పు దొరకాలి" అనేది ఆయన వేదం.

ఆ వేదాన్ని నేను చించాను. ఇది మా మొదటి పెద్ద స్టోర్. ట్రాలీలు తోసుకుంటూ తిరిగేంత పెద్దది. ఇక్కడ పళ్ళు ముందు, పాలు వెనక, ఉప్పు ఎక్కడో చివరి మూల. ఉప్పు కావలసినవాళ్ళు ఎంత దూరమైనా వస్తారు, వచ్చే దారిలో నాలుగు వస్తువులు కొంటారు, అదీ నా లెక్క. వరస మార్చొద్దని నాన్న అరిచినప్పుడల్లా ముసలి మొండితనం అనుకున్నాను. ఆయన మిగతా దుకాణాల్లో ఆ వరస పట్టుకునే నడుస్తున్నారని ఇప్పుడు తెలిసింది. ఇక్కడ ఆయనకి పట్టుకోవడానికి నేనేమీ మిగల్చలేదు.

బయట బాబాయి ఉన్నారు. మా దుకాణాలన్నీ ఒక పెద్ద కంపెనీకి అమ్మేద్దామని ఆయన పట్టుదల. ఆ కంపెనీ మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చారు. నాన్న కుర్చీలో ఉన్నంతకాలం ఆయన సరే అననిదే అమ్మకం జరగదు. నాన్న పని చెయ్యలేని స్థితికి వస్తే మాత్రం నిర్ణయం బాబాయిదే. అన్నదమ్ములు ఒకప్పుడు కూర్చుని రాసుకున్న ఒప్పందం అది.

మా దుకాణాల్లో బోణీ నాన్నదే. తలుపులు తెరిచే ముందు ఆయన బుట్ట పట్టుకుని ఒక్కరే లోపలంతా తిరిగి, పళ్ళు, పాలు, ఉప్పు తెచ్చి బిల్లు వేయించుకోవాలి. అందరూ బిల్లింగ్ కౌంటర్ల దగ్గర నిలబడి చూస్తారు.

"నడుం పట్టేసిందని చెబుదాం" అన్నాను.

"ఇంతవరకూ ఎక్కడా మానలేదు. ఇక్కడ మానితే మీ బాబాయి ఊరుకుంటాడా?"

"మరెలా?"

నాన్న లేచి చొక్కా సర్దుకున్నారు. "మామూలుగా నాతో ఎలా ఉంటావో అలాగే ఉండు."

"అంటే?"

"పోట్లాడు."

ఆయన బుట్ట తీసుకుని బయల్దేరారు. నేను కౌంటర్ల దగ్గర నిలబడి గొంతెత్తాను.

"అటెక్కడికి? ఎడం పక్కన అన్ని పళ్ళు పెడితే కంటికి ఆనవా?"

"ఆనుతున్నాయి. కుళ్ళినవి కూడా పెట్టావు" అంటూ ఎడమకి తిరిగి, తడబడకుండా రెండు ఆపిల్స్ బుట్టలో వేసుకున్నారు.

"ఇప్పుడు తిన్నగా వెళ్ళండి. దారి మధ్యలో బిస్కెట్ డబ్బాల గుట్ట పెట్టాను. మీకది నచ్చదని తెలుసు. పక్కనుంచి పోండి, కుడి పక్కనుంచి! పడేశారంటే మీ చేతే సర్దిస్తాను."

"దారికి అడ్డంగా గుట్టలేమిటే? ఇది దుకాణమా, కొండదారా?"

ఆయన మోచెయ్యి పై డబ్బాని రాసుకుంటూ పోయింది. డబ్బా కొంచెం కదిలి ఆగింది. నా ఊపిరి కూడా దాంతోపాటే ఆగింది.

"పాలు ఇంకా వెనక, చల్లగాలి తగిలే చోట. తిట్టుకుంటారో మెచ్చుకుంటారో మీ ఇష్టం."

"ఎప్పుడూ ఇంతేనా వీళ్ళు?" అని కంపెనీ మనిషి అడిగాడు.

"అది పుట్టినప్పట్నుంచీ ఇంతే" అన్నారు బాబాయి. ఆయన నవ్వలేదు. నావైపు తిరిగి, "కాసేపు నోటికి తాళం వెయ్యమ్మా. బోణీ ఆయన్ని చేసుకోనివ్వు" అన్నారు.

స్టోరంతా నిశ్శబ్దమైపోయింది. ఫ్రిజ్‌ల మోత ఒక్కటే వినబడుతోంది. నాన్న పాల ప్యాకెట్టు బుట్టలో వేసుకుని నిలబడ్డారు. ఇక మిగిలింది ఉప్పు. అది కుడి చివర ఉంది. ఆయన ఎడమకి తిరిగారు. సబ్బుల అరల్లో చెయ్యి పెట్టి ఒక ప్యాకెట్టు తీసి, వాసన చూసి పెట్టేశారు. ఇంకొకటి తీశారు. నేను నోరు తెరిస్తే బాబాయికి అనుమానం వస్తుంది, తెరవకపోతే నాన్న అక్కడే దొరికిపోతారు. అంత పెద్ద స్టోర్ కట్టినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఉప్పుని మూలకి తోసిన చేతిని విరగ్గొట్టుకోవాలనిపించింది.

నాన్న అరలకి వీపు ఆనించి, మా అందరికీ వినబడేలా కేకేశారు.

"ఉప్పెక్కడ తగలెట్టావే?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. నాన్న బుట్ట పైకెత్తి మాట అందుకున్నారు. "చూశారుగా! దుకాణాల్లోనే జుట్టు నెరిసినవాణ్ణి, నాకే ఉప్పు దొరకలేదు. తలుపు తీశాక వచ్చే ఆడవాళ్ళు ఏం చేస్తారు? ఈ అమ్మాయికి దణ్ణం పెట్టి పక్క కొట్టుకి పోతారు!"

అందరూ గొల్లుమన్నారు. సేల్స్ అమ్మాయిలు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. "పెద్దాయన అన్నది నిజమే, వరస సరిగ్గా కుదరలేదు" అని కంపెనీ మనిషి నావైపు జాలిగా చూశాడు. నిద్ర మానుకుని నేను గీసిన స్టోర్ ఆ నవ్వుల్లో నవ్వులపాలైంది. గుండె కలుక్కుమంది. అయినా నేనూ నవ్వాను, నిజంగానే నవ్వాను.

"ఒప్పుకున్నాను నాన్నా, మీరే గెలిచారు. రండి చూపిస్తాను" అంటూ పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఓడిపోయిన కూతురు తండ్రిని లాక్కుపోతుంటే అందులో వింత ఎవరికి కనబడుతుంది? ఆయన చెయ్యి మంచుముద్దలా ఉంది.

బిల్లు అయింది. తలుపులు తెరిచారు. బయట కాచుకున్న జనం ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. ఆ తోపులాటలో నాన్న చెయ్యి జారిపోయింది. బోణీ సరుకుల సంచి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ నేను వెళ్ళేసరికి, ఆయన బయట మెట్టు అంచున ఉన్నారు, పక్కన బాబాయి.

"మెట్టుందన్నయ్యా" అన్నారు బాబాయి, మెల్లిగా, ఆయన మోచెయ్యి పట్టుకుని.

నాన్న దిగలేదు.

"ఎప్పుడు తెలిసిందిరా?"

"ఉప్పు అడిగినప్పుడు. నేను నిచ్చెన మీదున్నన్నాళ్ళూ, ఏ వస్తువైనా ఎక్కడుందని నువ్వు ఎవర్నైనా అడిగావా?"

వెనకనుంచి కంపెనీ మనిషి వచ్చాడు. "ఏమైందండీ?"

నాన్న మొహం పాలిపోయింది. బాబాయి ఆ మొహం వైపు చూశారు, చేతిలోని మోచెయ్యి వైపు చూసుకున్నారు.

"కొత్త చెప్పులు. జారుతున్నాయట" అన్నారు. "మీరు వెళ్ళి కారులో కూర్చోండి."

అతను వెళ్ళాడు. బాబాయి చెయ్యి వదల్లేదు.

"అమ్మేస్తావురా?" అన్నారు నాన్న.

"అమ్ముదామనే ఉంది. నీచేత సరే అనిపించి అమ్ముతాను. నిన్ను కుర్చీలోంచి తోసేసి కాదు."

"నేను సరే అనను."

"తెలుసు. ముందు దిగు."

నాన్న తమ్ముడి భుజం పట్టుకుని మెట్టు దిగారు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నన్ను రాసుకుంటూ నడుస్తున్నారు. నేను బోణీ సంచి పట్టుకుని తలుపులో నిలబడి ఏడ్చాను. ఎవరు చూసినా సరేననుకున్నాను.